పి.పి. నంబరు

పోయిన ఆదివారం పొద్దంతా హైదరాబాద్‌లో కూర్చుని కథలాపూర్‌లోని మా ఇంటి తలుపు కొట్టాను. ఎవరూ తీయలేదు.

ఇంట్లో మనుషులున్నారు. పలకనిది పాత కంప్యూటర్. అనూ ఫాంట్లలో కొట్టుకున్న నా రాతలన్నీ అందులోనే ఉన్నాయి. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇక్కడి నుంచే తెరుచుకునేవాణ్ని. రెండు వారాల కింద ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. అప్పటి నుంచి ఎన్నిసార్లు కొట్టినా 'టైమ్‌డ్ అవుట్' అనే రెండు ముక్కలే.

నాదొక పాత పాట ఉంది. చెడిన వస్తువును తిట్టొద్దు, వరుసగా ప్రశ్నలు అడగాలి. అడగడానికి అక్కడ బీడీలు చుట్టే మా వదినె ఉంది.

"వదినె, కంప్యూటర్ మేల్కొని ఉందా?"

"మబ్బుల లేసి చాట ముందలేసుకున్న, నేనైతె మేల్కొనే ఉన్న. అదే పండుకున్నట్టుంది."

లేపించాను. అయినా మౌనమే. ఇంట్లో వైఫై మీదున్న ఆమె ఫోన్ నుంచి ప్రయత్నించమంటే వెంటనే తెరుచుకుంది. అంటే కంప్యూటర్ సొంత ఫైర్‌వాల్ తప్పు లేదు. రౌటర్‌లో 3389 పోర్టును కంప్యూటర్ వైపు మళ్లించిన వరుస కూడా సరిగ్గానే ఉంది. ఇక్కడొక కిటుకు చెప్పాలి. తలుపు కొడితే 'వద్దు' అని కసిరారంటే ఇంటిదాకా చేరినట్టే. చప్పుడే లేదంటే దారిలో ఎవరో ఆపి ఉండాలి, లేదా మనం కొట్టింది మన తలుపే కాకపోవాలి.

చివరికి రౌటర్ పేజీలో బయటి అడ్రసు చదవమన్నాను. వదినె బీడీ ఆకు పక్కన పెట్టి చదివింది: "వంద, చుక్క, డెబ్బై రెండు..."

దొంగ దొరికింది. 100.64 నుంచి 100.127 వరకున్న అడ్రసులు లోకానికి కనపడవు. ఇంటర్నెట్ కంపెనీ తన గోడ లోపల పంచిపెట్టుకునేవి అవి.

అది వినగానే వెనకటి పి.పి. నంబర్లు గుర్తొచ్చాయి. మా దిక్కు, కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా, దుబాయ్‌కో మస్కట్‌కో పోయిన మనిషి లేని వాడ తక్కువ. అప్పట్లో వాడకంతా ఒకే ఇంట్లో ఫోన్ ఉండేది. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు ఉండేది, కాబట్టి ఆ రోజు ఆ ఇంటి అరుగు మీద జాతరే. ఫోన్ మోగితే ఆ ఇంటాయన "ఎవలకు?" అని అడిగి, "పది నిమిషాలాగి చెయ్యి, పిలుస్త" అని పెట్టేసేవాడు. ఒక పిల్లగాడు పరుగెత్తేవాడు. అవతల ఆ పది నిమిషాలు గడిచేలోగానే, ఇవతల మా పెద్దమ్మ చేతి పిండి కడుక్కోకుండానే ఉరికొచ్చేది. ఉరికొచ్చాక మాటలు రాక ఏడ్చేది. నంబరు మాదని అందరికీ చెప్పుకునేవాళ్లం, పక్కన 'పి.పి.' అని రాసి.

మన రౌటర్ చేసేదీ ఆ పనే. బయటికి ఒకటే నంబరు, లోపల ఇంటిల్లిపాది. పోర్టు మళ్లించడమంటే ఆ ఇంటాయనతో "మాకొస్తే పిలువు కాకా" అని చెప్పి ఉంచడమే. కొత్త కంపెనీ పెట్టిన ఏర్పాటులో నంబరు అనేక ఇళ్లకు కలిపి ఒకటి. ఫోన్ ఎత్తే కాకా మనకు తెలియదు, పిలిచే పిల్లగాడు లేడు. ఇంటర్నెట్ అడ్రసుల పాత పద్ధతిలో నంబర్లు ఉన్నవే సుమారు 429 కోట్లు. పంచడానికి ఉంచిన కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3నే అయిపోయింది. కంపెనీని తిట్టీ లాభం లేదు.

బయటివాడు లోపలికి రాలేకపోతే లోపలివాడే బయటికి రావాలి. మిస్డ్ కాల్ మనకు అలవాటైన విద్యే కదా! ఇంటి కంప్యూటరే ముందు నడిమి సర్వర్‌ను పలకరించే యాప్ పెట్టించాను. తెర మీది తొమ్మిది అంకెలు వదినె చదివింది. ఇరవై ఐదుకొక కట్ట కట్టే మనిషికి అదొక లెక్కా? 'అంగీకరించు' నొక్కింది. లోపలికి పోయాను.

గెలిచానని ఈ కాలమ్ ముగించాల్సింది. కానీ అలవాటు కొద్దీ విండోస్ సెక్యూరిటీ చిట్టా తెరిచాను. పాత కనెక్షన్ రోజుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు 'అడ్మిన్' అనీ 'అడ్మినిస్ట్రేటర్' అనీ పేర్లు చెప్పి రాత్రీ పగలూ నా తలుపు తట్టిన వరుసలు, పేజీల కొద్దీ. కనెక్షన్ మారిన రోజున అవి ఆగిపోయాయి. ఆదివారమంతా నేను తిట్టిన గోడే వాళ్లనూ ఆపింది.

అదనంగా డబ్బు కట్టి సొంత నంబరు తీసుకోవాలన్న ఆలోచన మానుకున్నాను. వదినె అన్నది కూడా చెప్పాలి: "గింత తిప్పలెందుకు? ఫైలు పేరు చెప్తె నేనే పంపకపోదునా?"

ఊళ్లో అమ్మానాన్నలకు కంప్యూటర్ పెట్టించి దేశాలు పట్టిన కొడుకులకూ బిడ్డలకూ రెండు మాటలు. 3389 తెరిచి ఉంటే ఈ రాత్రే మూసేయండి. రిమోట్ యాప్‌లతో ఖాతాలు ఊడ్చే మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. యాప్ చూపే ఆ అంకెలు మీ గొంతు గుర్తుపట్టాకే చదవాలని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.