చిన్న పడవ దీపములు: ఒక నియమావళిపై విమర్శ

కాంతి తీవ్రత దూరపు వర్గమునకు విలోమానుపాతములో నుండునని ఒక పాఠములోను, ఓమ్ నియమమును వేరొక పాఠములోను మనము బోధించుచున్నాము. ఈ రెండును ఒకే చోట కలిసికొని, మనుష్యుని ప్రాణమును కాపాడు సందర్భమొకటి కలదు. అది రాత్రివేళ సముద్రముపై సాగు చిన్న తెరచాప పడవ. ఓడలు ఢీకొనకుండ కాపాడుటకై 1972 లో దేశములన్నియు కూడి ఒక నియమావళిని ఏర్పరచుకొన్నవి. అది 1977 జూలై 15 నుండి అమలులోనికి వచ్చినది. అందు చిన్న పడవల దీపములకు సంబంధించిన భాగమును మాత్రమే ఇచట పరిశీలింతము.

ముందుగా గుణములను చెప్పవలెను. పడవకు కుడివైపున ఆకుపచ్చ దీపము, ఎడమవైపున ఎర్ర దీపము, వెనుక తెల్ల దీపము ఉండవలెను. ప్రక్క దీపములు ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేరను, వెనుక దీపము 135 డిగ్రీల మేరను వెలిగించును. మూడును కలిపిన సరిగా 360. ఎర్ర దీపము కనబడినచో ఆ పడవ ఎడమ ప్రక్క మనవైపునకు ఉన్నదని చీకటిలోనే తెలిసిపోవును. 20 మీటర్లకు తక్కువైన తెరచాప పడవ ఈ మూడింటిని ఒకే లాంతరులో చేర్చి, కొయ్య చివర పెట్టుకొనవచ్చును. 2017-18 లో ఆరుగురు నావికాదళ వనితలు భూమిని చుట్టివచ్చిన ‘తారిణి’ పొడవు సుమారు 17 మీటర్లు. అదియు ఈ తరగతిలోనిదే. ఆ ఆరుగురిలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉండుట మనకు సంతోషకరము. గాలికి పడవ ఒరుగునని గుర్తించి, 25 డిగ్రీలు పైకి గాని క్రిందికి గాని కనీసపు కాంతిలో సగమైనను నిలువవలెనని విధించుట నియమకర్తల అనుభవమునకు తార్కాణము.

దోషము దూరముల పట్టికలో ఉన్నది. 12 మీటర్లకు తక్కువైన పడవ ప్రక్క దీపములు ఒక్క సముద్రపు మైలు దూరమునకు, అనగా 1,852 మీటర్లకు, కనబడిన చాలునట! ఇంజను నడచునపుడు కొయ్యపై తెల్ల దీపముండును. అది రెండు మైళ్లకు కనబడవలెను. కాని తెరచాపతోనే సాగునపుడు ఆ తెల్ల దీపముండదు. ఎదురుగా వచ్చువానికి ఎరుపు, ఆకుపచ్చలే దిక్కు. గంటకు 15 మైళ్ల వేగముతో ఓడయు, 5 మైళ్ల వేగముతో పడవయు ఎదురెదురుగా వచ్చుచున్న వనుకొనుడు. వాటి నడుమ దూరము గంటకు 20 మైళ్ల చొప్పున తరుగును. ఒక మైలు తరుగుటకు మూడే నిమిషములు! అంతలో పెద్ద ఓడ పైనున్నవాడు దీపమును చూడవలెను, గుర్తింపవలెను, ఓడను త్రిప్పవలెను.

రెండు మైళ్లకు కనబడవలెనన్న ఎంత కాంతి అధికముగా కావలెను? నియమావళి అనుబంధములోనే సూత్రమున్నది. ఒక మైలుకు 0.9 కాండెలా, రెండు మైళ్లకు 4.3 కాండెలా. దూరము రెట్టింపైనందున నాలుగు రెట్లు; గాలి మైలుకు అయిదవ వంతు కాంతిని హరించునను లెక్కచే మరికొంత; వెరసి అయిదు రెట్లు.

ఈ అయిదు రెట్లకు జంకియే అంత సడలింపు ఇచ్చిరని ఊహింపవచ్చును. ఆ కాలపు 25 వాట్ల తీగ దీపము 12 వోల్టుల బ్యాటరీ నుండి రెండు ఆంపియర్లకు పైగా లాగును. పన్నెండు గంటల రాత్రికి 25 ఆంపియర్-గంటలు! సీసపు బ్యాటరీ చిరకాలము మన్నవలెనన్న సగమునకు మించి వాడరాదు గనుక, ఒక్క దీపమునకే 50 ఆంపియర్-గంటల బ్యాటరీ కావలెను. అంతటితో ఆగలేదు. 15 మీటర్ల దూరమునకు పోవుట, వచ్చుట కలిపి 30 మీటర్ల తీగ, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగయైన నిరోధము 0.35 ఓము. దారిలోనే 0.7 వోల్టు పోవును. దీపపు కాంతి రమారమి అయిదవ వంతు తగ్గును.

నేడు సుమారు 3 వాట్ల ఎల్.ఇ.డి. లాంతరు రెండు మైళ్లకు కనబడుచున్నది. రాత్రికి 3 ఆంపియర్-గంటలు చాలును. తీగలో పోవునది వోల్టులో పదవ వంతైనను కాదు. పగటి యెండలో చిన్న సౌరఫలకము ఈ వ్యయమును పూడ్చగలదు. కారణము తొలగినను సడలింపు తొలగలేదు. ఇదియే నా ఆక్షేపణ.

నియమము కనీసమును మాత్రమే చెప్పును, అధికముగా వెలిగింపవలదని ఎవరన్నారని కొందరు అనవచ్చును. నిజమే. కాని దుకాణములో దీపము కొనువాడు చాలునన్న దానినే కొనును. కనీసమే క్రమముగా ఆచారమగును. ఏడు మీటర్లకు తక్కువైన పడవ, దీపములు అమర్చుట సాధ్యము కానిచో, సమయమునకు చేతిదీపము చూపిన చాలుననుట ఇంతకంటె బలహీనము. చూపువాడు అలసి నిద్రించినచో ఆ దీపము లేనట్లే.

కావున ఒక మైలు అను మాటను రెండు మైళ్లుగా సవరింపవలెను. అంతవరకు పడవ యజమాని తానై రెండు మైళ్ల దీపమును అమర్చుకొనుట వివేకము. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో నల్లబల్లపై చేయింపవలెనని నా మనవి. మూడు నిమిషములు ఆరు నిమిషములగుటకు ఎన్ని వాట్లు కావలెనో విద్యార్థి స్వయముగా కనుగొన్ననాడు, ఆ రెండు పాఠములును అతనికి ఒక్కటే యగును.