మాట లేని శోకం: కోల్ట్రేన్ ‘అలబామా’

వస్తువు, రూపం గురించి మన విమర్శలో జరిగిన చర్చ చాలావరకు మాట ఉన్న కళల చుట్టూనే తిరిగింది. వాద్యసంగీతాన్ని ‘వట్టి రూపం’ అని పక్కన పెట్టేశాం. చావు డప్పు మాట లేకుండానే ఊరికంతటికీ కబురు చెబుతుందన్నది మరిచాం. జాన్ కోల్ట్రేన్ జాజ్ ఆల్బం ‘లైవ్ ఎట్ బర్డ్‌లాండ్’ (1964) వింటే ఆ తీర్పు నిలవదు.

1963 సెప్టెంబర్ 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో, నల్లజాతివారి చర్చిలో కు క్లక్స్ క్లాన్ దుండగులు పెట్టిన బాంబుకు నలుగురు బాలికలు బలయ్యారు. ముగ్గురికి 14 ఏళ్లు, ఒకరికి 11. నవంబర్ 18న కోల్ట్రేన్ ‘అలబామా’ రికార్డు చేశాడు. (ఆల్బం పేరు ఏమన్నా, ఇది క్లబ్బులో వాయించింది కాదు, స్టూడియోలోది.)

మెకాయ్ టైనర్ పియానో మంద్రంలో కదులుతుంటే, శాక్సఫోన్ తాళానికి కట్టుబడకుండా గొంతు పెగలని మనిషిలా పలుకుతుంది. మధ్యలో లయ అందుకుంటుంది. శ్రోత ఊరట పడబోయేలోగా తెగిపోతుంది. మొదటి శోకమే తిరిగొస్తుంది, ఈసారి అడుగున ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు ఉరుముతూ. ఆ తెగిపోవడంలోనే వస్తువు ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ సంతాపోపన్యాసపు నడకను అనుసరించాడనే వాదన ప్రచారంలో ఉంది. ఆ ఊతం అక్కర్లేకుండానే రచన నిలబడుతుంది.

ఇదే ఆల్బంలో ‘ఐ వాంట్ టు టాక్ ఎబౌట్ యూ’ చివరి ఒంటరి విన్యాసం నాకు కొంత దీర్ఘమనిపిస్తుంది. కానీ అంత వాయించగలవాడే ‘అలబామా’లో ఇంత తక్కువ వాయించాడు.

యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌లలో సినిమా సంగీతం మీద బతికే యువ వాద్యకారులు ఈ అయిదు నిమిషాలూ వినాలి. విషాదానికి షెహనాయిని పిలిచిన మన సినిమా, శాక్సఫోన్‌ను చాలాకాలం క్లబ్బు పాటలోనే కూర్చోబెట్టింది.