తండ్రికి మారుమనస్సు వ్రాసిన కుమారుడు: హొడొరోవ్‌స్కీ ఆత్మకథా చిత్రముపై ఒక విమర్శ

చిలీ దేశపు ఉత్తర తీరమున, అటకామా ఎడారి అంచున, టొకోపియా అను ఓడరేవు పట్టణమున్నది. యుక్రెయిన్ మూలముగల యూదు దంపతులకు 1929లో అక్కడ జన్మించిన దర్శకుడు అలెహాంద్రో హొడొరోవ్‌స్కీ, ఎనభై దాటిన వయస్సులో తిరిగి అదే ఊరికి వెళ్లి తన బాల్యమును చిత్రముగా తీశాడు. ‘వాస్తవ నృత్యము’ అని అర్థమిచ్చు ఆ చిత్రము 2013లో కాన్ చిత్రోత్సవ సమయమున ప్రదర్శింపబడినది.

ఇది అధివాస్తవిక చిత్రము. అనగా సంగతులు కలలో వలె నడుస్తాయి. తల్లి సారా ప్రతి మాటను పాటగా పాడుతుంది, తక్కినవారందరు మామూలుగా మాట్లాడుతారు. బాలుడు సముద్రములోనికి రాళ్లు విసిరితే పెద్ద అల లేచి తీరమంతయు చచ్చిన చేపలతో నిండిపోతుంది. నగ్నత్వము, హింస ఉన్నందున ఇది సంఘములో ప్రదర్శించదగినది కాదని ముందే చెప్పుట మంచిది. అయినను కాపరులు దీనిని గూర్చి ఆలోచించవలెను. ఎందుకనగా ఇది ఒక విధమైన సాక్ష్యము. మనలను గాయపరచిన తండ్రిని గూర్చి ఏమి చెప్పవచ్చును, ఎంతవరకు చెప్పవచ్చును అను ప్రశ్న ఇందులో ఉన్నది.

తండ్రి హైమే దుకాణదారుడు, నాస్తికుడు, స్టాలిన్ భక్తుడు. ఇంటిలో అతడే స్టాలిన్. కుమారుని ధైర్యవంతునిగా చేయవలెనని చెంపమీద కొట్టి పన్ను విరుగగొడతాడు; తరువాత మత్తుమందు లేకుండ దంతవైద్యము చేయించుకొమ్మంటాడు. బాలుడు నొప్పిని ఓర్చుకొంటాడు, ఎందుకనగా తండ్రి మెప్పు అతనికి కావలెను. ఈ భాగము చూచుచున్నప్పుడు సామెతలు 13:24ను ఎంత తేలికగా మనము ప్రసంగ వేదికలపై వాడుకొన్నామో జ్ఞాపకము రాక మానదు. ఎఫెసీయులకు 6:4 మీద ప్రసంగములు అంత తరచుగా వినబడవు.

చిత్రపు రెండవ సగములో హైమే అధ్యక్షుడు ఇబాన్యెజ్‌ను చంపుటకు బయలుదేరుతాడు. తీరా తుపాకి ఎత్తిన క్షణమున అతని చేతులు బిగుసుకొనిపోతాయి. 1 రాజులు 13:4లో యరొబాము చాపిన చెయ్యి ఎండిపోయిన సంగతి పాఠకులు వెంటనే తలంచుకొందురు. ఆ చేతులతో అతడు దిక్కులేక తిరుగుతాడు. గుడికి కుర్చీలు చేయు ఒక పేద వడ్రంగి అతనిని ఇంట చేర్చుకొంటాడు. ఆ వడ్రంగి పేరు హోసే, అనగా యోసేపు. దేవుడు లేడని కుమారునికి బోధించినవాడు దైవభక్తుని బల్లయొద్ద తింటాడు. చివరికి చిత్రహింసలు పొంది, విరిగిన మనిషిగా ఇల్లు చేరుతాడు. భార్య స్టాలిన్, ఇబాన్యెజ్, హైమే ముగ్గురి చిత్రపటములను ప్రక్కప్రక్కన నిలిపి, నీవును వీరివంటివాడవే అని అతనికి చూపిస్తుంది. పటములు మండిపోగా చేతులు బాగుపడతాయి. నాకు తెలిసిన చిత్రములలో ఒప్పుకోలును ఇంత స్పష్టముగా చూపిన దృశ్యము అరుదు.

అయితే ఇదంతయు జరుగలేదు. ఇబాన్యెజ్ మొదటి పాలన 1927 నుండి 1931 వరకు మాత్రమే. అతడు పదవి విడిచినప్పుడు దర్శకునికి రెండేండ్లు. చిత్రములోని బాలుడు బడికి వెళ్లు వయస్సువాడు. లెక్క కుదరదు, కుదుర్చుటకు దర్శకుడు ప్రయత్నించను లేదు. తల్లి గాయని కాగోరి కాలేకపోయినదనియు, తండ్రి ఇట్లు మారలేదనియు, వారు పొందలేనిది వారికి ఇచ్చితిననియు ఆయనే బహిరంగముగా చెప్పాడు. తండ్రి పొందని మారుమనస్సును కుమారుడు వ్రాసి ఇచ్చాడన్నమాట.

ఇది అబద్ధ సాక్ష్యమా? నర్సీపట్నము మొదలుకొని ఏజెన్సీ గ్రామముల వరకు మన జ్ఞాపకార్థ కూటములలో జరుగునది ఒకసారి తలంచుకొనండి. త్రాగి కొట్టిన తండ్రి కూడ ఆ దినమున ప్రార్థనాపరుడవుతాడు. ముందు వరుసలో కూర్చున్న కుమార్తె తల వంచుకొని వింటుంది. ఆదికాండము 9లో షేము, యాపెతు తండ్రిని కప్పిన సంగతిని మనము అందుకు ఆధారముగా చూపుకొంటాము. కాని వారు కప్పినది నిద్రించుచున్న తండ్రి దిగంబరత్వమును. ఒక బిడ్డ పొందిన దెబ్బను కాదు. హొడొరోవ్‌స్కీ మనకంటె నిజాయితీపరుడు. మొదట విరిగిన పన్నును చూపించాడు, ఆ తరువాతనే క్షమాపణ మాట ఎత్తాడు.

నర్సీపట్నము పరిసరాలలో పెరిగిన దర్శకుడు పూరి జగన్నాథ్ ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ (2003)లో తండ్రిని ద్వేషించు కుమారుడు, తల్లి మరణము తరువాత అతనియొద్దకు వెళ్లవలసివస్తుంది. అది వాణిజ్య చిత్రము, కల్పిత కథ. అయినను అక్కడ తండ్రి ఎదుట నిలిచి ఉన్నాడు, కుమారుని కోపమును వినవలసియున్నాడు. హొడొరోవ్‌స్కీ చిత్రమునకు ఈ సౌకర్యము లేదు. తండ్రి మాటలన్నియు కుమారుడు వ్రాసినవే. వృద్ధ దర్శకుడు స్వయముగా తెరమీదికి వచ్చి, కొండ అంచున నిలిచిన బాలుని వెనుకనుండి పట్టుకొంటాడు. హృదయమును తాకు దృశ్యమే. కాని ఆ బాలుని ఆదుకొనువాడు తానే, తండ్రిని విమోచించువాడును తానే. ఒకని మారుమనస్సును మరియొకడు అతనికి బదులుగా పొందలేడని యెహెజ్కేలు 18 చెప్పుచున్నది. లూకా 15లోని తండ్రి కూడ కుమారుని ఒప్పుకోలును తానే పలుకలేదు, దారివైపు చూచాడు.

మరియొక సంగతి చిత్రము దాచలేదు, కాని అడుగనూ లేదు. హైమే పాత్రను ధరించినవాడు దర్శకుని పెద్ద కుమారుడు బ్రాంటిస్. తాతగా నటించుచు, తన తండ్రి చెప్పిన ప్రకారము అతడు కెమెరా ఎదుట చిత్రహింసలు అనుభవిస్తాడు. ఇతనినే ‘ఎల్ తోపో’ (1970)లో ఏడేండ్ల పిల్లవానిగా, ఒంటిమీద బట్ట లేకుండ, తండ్రి ఎడారిలో నడిపించాడు. అందులో తండ్రి పాత్ర దర్శకునిదే. ఇక నీవు పురుషుడవని చెప్పి, తన మొదటి బొమ్మను, తల్లి చిత్రపటమును ఇసుకలో పాతిపెట్టమని బాలునికి ఆజ్ఞాపిస్తాడు.