చీకటిని చెరపకుండా తీసేవాళ్లు

ఫ్లాష్ లేకుండా, ఉన్న వెలుతురులోనే మనుషుల్ని పట్టుకోవడంలో ఎరిష్ సాలమన్‌ను మించినవాడు ఇంకా పుట్టలేదనే అభిమానులున్నారు. అతిశయోక్తే కావచ్చు, కాదనడానికి మాత్రం మనసొప్పదు. 1920ల చివర్లో ఈ జర్మన్ ఫొటోగ్రాఫర్ ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాను టోపీలో దాచి, ఫొటోలు నిషేధించిన కోర్టు హాల్లోకి పట్టుకెళ్లాడు. 1930లో హేగ్ సమావేశంలో అర్ధరాత్రి దాటాక కుర్చీల్లో జారగిలబడ్డ మంత్రుల్ని తీశాడు. అప్పటి గాజు పలకలు మందకొడివి. అంతా ఎర్మనాక్స్‌కున్న ఎఫ్ 2, ఎఫ్ 1.8 లెన్స్‌ల చలవే.

ఆ చలవ ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. కెమెరాతో పాటు అంటగట్టే కిట్ లెన్స్‌ను జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్ దానికి దాదాపు పదింతల వెలుతురును లోపలికి రానిస్తుంది. అక్కడ సెకనులో పదో వంతు పట్టే ఫొటోకు ఇక్కడ నూరో వంతు చాలు. మొదటిదాంట్లో నర్తకి చెయ్యి పొగలా చెదిరిపోతుంది, రెండోదాంట్లో వేళ్లు లెక్కపెట్టొచ్చు.

అయినా జనం డబ్బంతా బాడీ మీదే పోస్తారు! ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ మేలే, సందేహం లేదు. మెగాపిక్సెళ్ల మోజు మాత్రం దండగ. చీకటి ఫొటోలకు పేరుపడ్డ 2014 నాటి సోనీ ఏ7ఎస్‌లో ఉన్నవి 12 మెగాపిక్సెళ్లే.

వెలుతురు మింగే లెన్స్‌తో వచ్చే చిక్కు ఫోకస్. 1975 నాటి 'బారీ లిండన్'లో కొవ్వొత్తుల వెలుగు సన్నివేశాలకు స్టాన్లీ కూబ్రిక్ వాడింది నాసా కోసం జైస్ చేసిన 50 మి.మీ. ఎఫ్ 0.7 లెన్స్. కెమెరామన్ జాన్ ఆల్కాట్‌కు ఆస్కార్ వచ్చింది. కానీ నటుడు కాస్త ముందుకు వంగితే చాలు, ముఖం మసకబారేది. ఫోకస్ చూసే డగ్ మిల్సమ్ పక్కన, లంబకోణంలో ఒక వీడియో కెమెరా పెట్టించుకుని, తెర మీద నటుడి దూరం చూస్తూ లెన్స్ తిప్పేవాడు. చప్పట్లు అతనికీ కొట్టాలి.

మన తోలుబొమ్మలాట దగ్గర ఇబ్బంది ఇంకోటి. చుట్టూ కటిక చీకటి, నడుమ వెలిగే తెర. కెమెరాను దాని మానాన వదిలేస్తే చీకటికి కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది. బొమ్మల ఎరుపు, ఆకుపచ్చ పాలిపోతాయి. స్పాట్ మీటరింగ్‌తో తెర మీదే కొలత తీసుకోవాలి. బొమ్మ గిర్రున తిరిగేటప్పుడు ఐఎస్ఓ 3200కు జంకకూడదు. నాయిస్‌ను భరించొచ్చు, చెదిరిన బొమ్మను ఎవరూ బాగుచేయలేరు.

మరి అక్కడా ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొట్టేవాళ్లను ఏమనాలి? తెరగుడ్డ తెల్లగా మండిపోయి, వెనకున్న బొమ్మ మాయమవుతుంది. ఆటగాడి కష్టమంతా ఒక్క మెరుపులో గంగపాలు. ఫోన్లలో నైట్ మోడ్ మరో దారుణం. వరసగా తీసిన ఫ్రేముల్ని కలిపి అమావాస్యను అసురసంధ్య చేసేస్తుంది, ముఖాల్ని నున్నగా చెక్కేస్తుంది. పత్రికలు కూడా వాటినే అచ్చు వేస్తుంటే కడుపు మండదా?

బడ్జెట్ లేదనే కుర్రాళ్లు పాత మాన్యువల్ 50 మి.మీ. ఎఫ్ 1.4 లెన్స్ వెతుక్కోవాలి. అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ కెమెరాలకు చక్కగా అమరుతుంది. తేమగాలి ఊళ్లలో వాడినదైతే బూజు పట్టి ఉండొచ్చు. అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చ్ వేసి, అద్దం లోపల సన్నటి దారాలేమైనా కనిపిస్తాయేమో చూడాలి. ఆ పనికి ఫోన్ భేషుగ్గా పనికొస్తుంది.