వెబ్ పనిముట్ల ఎంపిక: ఒక విమర్శ

వెబ్ అనువర్తనము ఒక్క పనిముట్టుతో తయారు కాదు. పుటను తెరపై చూపునది ఒకటి, సర్వరులో పని నడుపునది ఒకటి, సమాచారమును దాచునది మరొకటి. ఈ జట్టుకే ‘స్టాక్’ అని పేరు. లినక్స్, అపాచీ, మై ఎస్.క్యూ.ఎల్., పి.హెచ్.పి.ల జట్టుకు 1998లో ‘ల్యాంప్’ అను పేరు వచ్చినది. మాంగో డి.బి., ఎక్స్‌ప్రెస్, యాంగులర్, నోడ్‌ల జట్టు ‘మీన్’ తరువాతిది.

విద్యార్థులు పలువురు ఉద్యోగ ప్రకటనలలో కనబడు జట్టునే చేపట్టుచున్నారు. ఇది నల్లరేగడికి తగిన శనగను ఎర్రనేలలో చల్లుట వంటిది. కడప జిల్లా గ్రామములలో బావుల నీటిమట్టమును నెలకొకసారి నమోదు చేయు అనువర్తనము కావలెననుకొనుడు. దానికి రెండు మూడు పట్టికలు, ఒక ఫారము చాలును. ల్యాంప్ దీనిని సులభముగా నిర్వహించును. పుట కనబడుటకు ముందే జావాస్క్రిప్టును మూటలుగా దింపు పద్ధతి, సిగ్నలు బలహీనమైన పల్లెలో చవక ఫోనుకు భారము. పరస్పర సంభాషణ వంటి క్షణక్షణము మారు పుటలకైతే నోడ్ తగినదే.

తెలుగు మాట మరొక పరీక్ష. ‘కర్నూలు’ కంటికి మూడక్షరములు, యూనికోడ్‌లో ఏడు సంకేతములు, యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తము 21. ఒరాకిల్‌లో వేరుగా చెప్పనిచో గడి పొడవు బైట్లలో లెక్క. కనుక 20 అని వ్రాసిన గడిలో ‘కర్నూలు’ పట్టదు. మై ఎస్.క్యూ.ఎల్. సంకేతములను లెక్కించును గనుక అదే పొడవు గడిలో పట్టును.

ఆయుర్దాయమును కూడ చూడవలెను. 2010లో వచ్చిన యాంగులర్ జె.ఎస్.కు బదులు 2016లో క్రొత్త యాంగులర్ వచ్చినది. పాత ప్రోగ్రాములు దానిలో నేరుగా నడువవు. పాతదానికి 2021 చివరతో పోషణ ఆగినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని నడుపు మీడియావికీ పి.హెచ్.పి.లో వ్రాసినది. వేగము కొరకు వికీపీడియా 2014లో ఫేస్‌బుక్ వారి హెచ్.హెచ్.వి.ఎం.ను చేపట్టినది, అది పి.హెచ్.పి.ని విడుచునని 2017లో తెలిసినందున, 2019లో మరల పి.హెచ్.పి.కే వచ్చినది. భాష నిలిచినందున వ్యాసములకు నష్టము కలుగలేదు.

కావున ప్రాజెక్టుకు అనుమతినిచ్చు ఉపాధ్యాయుడు పనిముట్ల పేర్లకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను: పని ఏది? వాడువారి ఫోను, భాష ఏవి? చేసిన విద్యార్థి చదువు ముగించి వెళ్లిన పిమ్మట దీనిని సరిచేయువారెవరు? మూడవదానికి జవాబు లేని అనువర్తనము, ఎంత క్రొత్త జట్టుతో కట్టినను, నీరు రాని కాలువయే.