వంగిన చెట్టు, చెన్నాదేవి మనస్సు

ఇంగ్లీషు నవలలలో ఒక తెగ నేడు మిక్కిలి ప్రచారములో నున్నది. కథాకాలము విక్టోరియా రాణి యేలుబడి. స్థలము పొగమంచు కప్పిన లండను వీథియో, పల్లెసీమలోని పాడుబడిన దివాణమో. నాయిక ప్రాణముతో నున్న స్త్రీ. నాయకుడు ప్రేతమో, రక్తపిశాచమో, శాపగ్రస్తుడో. వారిరువురకు ప్రణయము. మన యిండ్లలో కళాశాలకు పోవు బాలికలును వీనిని ఆసక్తితో చదువుచున్నారు. చదువవలదని శాసించుట సులభము. అట్టి కథ మన యింటనే కలదా, కలిగినచో దానికిని దీనికిని భేదమేమి అని విచారించుట మేలు.

విక్టోరియా 1837 నుండి 1901 వరకు పాలించెను. ఆ కాలమున ఇంగ్లండులో రైలు, తంతి, ప్రకృతిశాస్త్రము ఒక ప్రక్క వర్ధిల్లుచుండగా, మరియొక ప్రక్క మృతులతో మాటలాడు గోష్ఠులు వెలసెను. అట్టి విషయములను శాస్త్రరీతిని పరీక్షించుటకై 1882లో లండనున ఒక సంఘమే ఏర్పడెను. నవలయు ఈ రెండు గాలులను పీల్చెను. ఎమిలీ బ్రాంటీ ‘వుదరింగ్ హైట్స్’ (1847)లో మరణించిన ప్రియురాలి ఛాయ కిటికీ కడకు వచ్చును. రైడర్ హాగర్డ్ ‘షీ’ (1887)లో నాయిక ప్రియుని పునరాగమనమునకై రెండువేల యేండ్లు వేచియుండును. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ (1897)లో రక్తపిశాచము భయంకరుడైన శత్రువు. నేటి రచయిత్రులలో పలువురు ఆ శత్రువునే ప్రియునిగా మార్చిరి. ఆ కథలలో అద్భుతము చేయు పని యొక్కటే. లోకము కూడదన్న ప్రేమను ప్రేతలోకము కూడుననును. తన యిష్టము చెల్లుబాటగు చోటు కొరకే ఆ నాయిక దయ్యముల దివాణములో అడుగు పెట్టును.

అదే కాలమున తెలుగు నవల వేరు దారి పట్టెను. కందుకూరి వీరేశలింగము గారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పత్రికలో మొదలై 1880లో పుస్తకరూపమున వెలువడెను. అందులో దయ్యముల భయము, మంత్రగాండ్ర మోసము, బంగారము చేసెదనను బైరాగి మాయ పరిహాసమునకు పాలైనవి. ఇంగ్లీషు నవల దయ్యమును లోనికి పిలిచిన దినములలో తెలుగు నవల దానిని వెడలగొట్టెను. 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన సంస్కర్తకు ప్రేతప్రియునితో పనియేమి? బ్రతికియున్న వరుడే ఆయనకు కావలెను.

ఇక మన నల్లరేగడి సీమ. 1870ల దశకమున మధుర నుండి తూత్తుకుడికి రైలుబాట పడెను. అప్పటికి విరుదుపట్టిగా నున్న విరుదునగరును, మన కోవిల్పట్టియు ఆ బాట మీదివే. 1876–78 నాటి మహాక్షామమును ఈ దక్షిణదేశము చవిచూచెను. ఇట్టి కాలమున మన తెలుగిండ్లలో అవ్వలు మనుమలకు చెప్పిన అద్భుతకథ ఏది? ఒక చక్కని కన్య. ఆమెను కోరిన పరాయి ప్రభువు. రాత్రికి రాత్రి ఊరు విడిచిన బంధుగణము. ఎదుట పొంగిపొరలు ఏరు. అప్పుడు చెట్టు వంగి వంతెన యగును. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ప్రచురించిన గ్రంథమున తొట్టియ నాయకుల వలసకథగా ఇది కనబడును. అచ్చట వంగినవి కానుగ చెట్లు. కులము మారినను, చెట్టు మారినను, ఈ సీమ తెలుగువారి కథలలో ఈ పోలిక మరల మరల వినవచ్చును.

దీనిని నవలకు ఎత్తినవాడు కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామవాసి, 2021లో కాలధర్మము నొందిన కి. రాజనారాయణన్ గారు. ఇంటి భాష తెలుగు, రచనాభాష తమిళము. ఆయన ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడెను. దాని తరువాతి కథయైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. మొదటి నవలకు నేపథ్యము కుంపెనీ పాలన ముగిసి రాణి పాలన వచ్చు కాలము. కనుక ఇది మన విక్టోరియా యుగపు అద్భుతకథ యనుట అతిశయోక్తి కాదు.

ఆ నవలలో నూటముప్పదియేడేండ్ల మంగత్తాయారు అవ్వ వలసకథను చెప్పును. చెన్నాదేవి యను సుందరి కొరకు బంధుగణమంతయు దేశము విడుచును. చెట్టు వంగి వారిని ఏరు దాటించును. పిదప వారు అడవి కాల్చి, నేల చదును చేసి, పల్లె కట్టుదురు. రచయిత నేర్పు ఇచ్చట గమనింపదగినది. చెట్టు వంగినదని ఆయన తానై ప్రమాణము చేయడు. అవ్వ నోట పలికించి ఊరకుండును. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు అవ్వ మాటతీరుకు ముగ్ధులగుదురు. మరియు అదే నవలలో ఒంటరిగా నడచివచ్చిన బాటసారి స్త్రీని చెవినగల కొరకు ఒక దొంగ చెరువు కడ చంపును. ఆమె కొరకు ఏ చెట్టును వంగలేదు. ఊరివారు విచారించి దొంగను కొరత వేయింతురు. పూర్వుల కథలో దైవము చేసిన పనిని, కట్టుకొన్న ఊరిలో మనుష్యులే చేయవలసివచ్చెను. అద్భుతమునకు ప్రక్కనే ఈ నిష్ఠుర సత్యమును నిలిపినందుననే ఈ గ్రంథము కేవల పురాణము కాలేదు.

కాని ఒక లోపమును చెప్పక తప్పదు. చెన్నాదేవి సౌందర్యము మనకు తెలియును, ఆమె వలన కలిగిన యాపద తెలియును. ఆమె మనస్సు మాత్రము కథకు కేంద్రము కాలేదు. ఆమె ఎవరిని కోరినది? ఇల్లు విడుచుటకు ఆమె యిష్టమెంత? ఈ లోపము రాజనారాయణన్ గారిది మాత్రమే కాదు, తరతరముల నుండి కథను చెప్పిన మనయందరిది. ఇంగ్లీషు నవలలో అద్భుతము ఇద్దరి కోరికను నిలుపును. మన కథలో అది వందమంది మానమును నిలుపును. మొదటిదానిలో ఊరు మరుగునపడును. రెండవదానిలో ఆ పిల్ల మరుగునపడును.

ఈ దారిలోనే మరియొక తీరున నడచినవారు గురజాడ అప్పారావుగారు. ‘కన్యక’లోను ప్రభువు కామించిన బాలికయే నాయిక. అగ్నిప్రవేశమునకు ముందు ఆమె నోరు విప్పి తనవారిని నిలదీయును. మరణము తప్పలేదు గాని మాట ఆమెదయ్యెను. కథ పాతదైనను కవి దానిలో పిల్లకు గొంతుక నిచ్చెను.

ఈ కథను తరువాతి తరమునకు అందించుటలో రెండు జాగ్రత్తలు వలయును. వెంబడించిన ప్రభువును చరిత్రలో వెదకి, ఆ దోషమును నేటి పొరుగువారి తలకు చుట్టరాదు. అది కథకును ద్రోహము, ఇరుగుపొరుగుకును ద్రోహము. రెండవది, చెన్నాదేవి మనస్సును చెప్పవలెను. మన పిల్లలలో పెక్కండ్రకు తెలుగు మాటలు వచ్చును గాని లిపి రాదు. వారు తమిళ లిపిలో వ్రాసినను సరే, ఇంటి అవ్వలు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, ఆ పిల్ల యేమనుకొన్నదని అవ్వలనే అడుగుదురు గాక. తన యిష్టమునకు విలువ దొరకు కథ ఇంటనే దొరకినచో, మన బాలిక లండను పొగమంచులో దానికై వెదకుకొననక్కరలేదు.