నాగయ్య వదిలినవి, మనం పారేసేవి

కిందటి ఎండాకాలం శంకర్‌పల్లిలో మా నానమ్మ ఇల్లు ఖాళీ చేశాం. ఆమె పోయి ఏడాది దాటింది. సిటీలో అందరివీ రెండు బెడ్‌రూముల ఫ్లాట్లు. ఎవరింట్లోనూ జాగా లేదు కాబట్టి ఆ పని నేను చేస్తానన్నాను. నాకు కొంచెం అనుభవం ఉందనుకున్నాను కూడా. మారీ కొండో పుస్తకం చదివాను, 2019లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ చూశాను, నా బట్టలు ముప్పై జతలకు తగ్గించాను. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకోవాలి. ఆనందం కలిగితే ఉంచాలి, లేకపోతే దానికి థాంక్స్ చెప్పి పంపించెయ్యాలి. పద్ధతి అంతే.

అటక మీంచి నలభై స్టీలు గిన్నెలు దిగాయి. ఒక్కదానికీ నాకు ఆనందం కలగలేదు. పాత ఇనుప సామానుకు వేసేద్దామని మూట కడుతుంటే మా మేనత్త వచ్చి కూర్చుంది. ఒక్కో గిన్నె తిప్పి, అంచు మీద కొట్టించిన పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఇది ఫలానా వాళ్ల పెళ్లికి వాళ్లు పెట్టింది, ఇది మనం పెడదామని కొని పెట్టకుండా మిగిలింది. "గివన్ని ఏడ వడేస్తవ్ బిడ్డా? నీకు అక్కెర లేకుంటే అక్కెర ఉన్నోళ్లు లేరా?" అంది.

నా పద్ధతిలో ఆ ప్రశ్న లేదు. వస్తువుకీ నాకూ మధ్య సంబంధం గురించి అది చాలా చెబుతుంది. ఆ వస్తువు నా గుమ్మం దాటాక ఏమవుతుందో, అసలు ఎవరి దగ్గర్నుంచి నాకు వచ్చిందో పెద్దగా పట్టించుకోదు. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో 'భక్త పోతన' పెట్టుకున్నాను. తర్వాత వారం రోజుల్లో 'త్యాగయ్య', 'యోగి వేమన' కూడా చూశాను. తెలుగులో "తక్కువతో బతకడం" గురించి ఆలోచించాలంటే ఈ మూడింటినీ కలిపి చూడాలని నాకు అనిపించింది. ఈ వ్యాసం అందుకే.

మూడింటిలోనూ నాయకుడు చిత్తూరు నాగయ్యే. 1943, 1946, 1947. నాలుగేళ్ల వ్యవధిలో ఒకే ముఖం, ఒకే గొంతు మూడు రకాల "వద్దు"లు చెప్పాయి. 'భక్త పోతన', 'యోగి వేమన' వాహినీ వాళ్లవి, దర్శకుడు కె.వి. రెడ్డి. 'త్యాగయ్య'కి నాగయ్యే దర్శకుడు. మాటలూ పాటలూ మూడింటికీ సముద్రాల రాఘవాచార్యవే. వీటిని మనం భక్తి సినిమాల అరలో పెట్టేసి, పండగ రోజు టీవీలో వేసుకునేవిగా వదిలేశాం. నా ఉద్దేశంలో ఇవి ఆస్తి గురించిన సినిమాలు.

పోతన కథ అందరికీ తెలిసిందే. బమ్మెరలో వ్యవసాయం చేసుకునే మనిషి భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనంటాడు. ఎదురుగా శ్రీనాథుడు. రాజాస్థానాలు, సన్మానాలు, కనకాభిషేకం చూసిన కవి. బావమరుదులన్నది జనశ్రుతి. సినిమా ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి మనల్ని పోతన వైపు నిలబడమంటుంది. నాగయ్య పోతనలో ధిక్కారం తక్కువ, సంతోషం ఎక్కువ. రాజుని కాదన్న మనిషి ముఖంలో గెలిచానన్న గర్వం ఉండదు, తన పనికి తను తిరిగి వెళ్లిపోతున్న తేలిక ఉంటుంది. నిరాడంబరత అనే మాటకి ఆనందం అనే మాట ఎందుకు అతుక్కుందో నాకు ఆ ముఖం చూశాకే తెలిసింది. తక్కువ ఉండటంలో ప్రత్యేకంగా ఆనందం ఏమీ లేదు. తన పనికి ఇంకొకరి అనుమతి అక్కర్లేకపోవడంలో ఉంది.

అయితే ఈ సినిమాకి ఒక సుఖం ఉంది. అంకితం కాదంటే ఇంట్లో పొయ్యి మీద పడే దెబ్బని మహిమలు కాచుకుంటాయి. చిక్కు ముడిపడిన చోట దేవుడు వస్తాడు. భక్తి కథలో అది న్యాయమే. కానీ మనలాంటి ప్రేక్షకులకి ఒక ప్రమాదం ఉంది. వద్దన్నవాడికి నష్టం రాదనే నమ్మకం దాంతో పాటు వచ్చేస్తుంది. పైగా శ్రీనాథుణ్ణి సుఖలాలసుడిగా ఒక పక్కకి నెట్టేస్తాం. ఆయన పేరు మీద ఉన్న చాటుపద్యం ప్రకారం చివరి రోజుల్లో ఆయన కూడా రైతే. బొడ్డుపల్లిలో గుత్తకు చేసిన సాగు వరదకి పోయి, ఏడు వందల టంకాల పన్ను కట్టలేక అవమానపడ్డాడు. ఒకడు కోరి నాగలి పట్టాడు, ఒకడు గతిలేక. బయటి నుంచి చూస్తే ఇద్దరి దగ్గరా ఉన్నవి అవే నాలుగు వస్తువులు. ఆ తేడాని 'భక్త పోతన' చూడలేదు. దానికి అక్కర్లేకపోయింది.

'త్యాగయ్య' ఇంకొంచెం దగ్గరికి వస్తుంది. తంజావూరు రాజు కానుకలు కాదన్న మనిషి ఉంఛవృత్తితో బతుకుతాడు. వీధిలో పాడుతూ వెళ్తే ఇళ్లవాళ్లు పాత్రలో బియ్యం వేస్తారు. మనం ఈ కథలో కానుకలు తిప్పికొట్టిన ఘట్టాన్నే గుర్తుపెట్టుకుంటాం, దానికో కల్యాణి రాగ కీర్తన కూడా ఉంది కాబట్టి. నాకు మాత్రం ఆ గుప్పెడు బియ్యం ముఖ్యం. రాజు దగ్గర తీసుకోనివాడు వీధి దగ్గర రోజూ తీసుకుంటున్నాడు. అంటే ఆయన ఎవరి మీదా ఆధారపడనివాడు కాదు, ఎవరి మీద ఆధారపడాలో ఎంచుకున్నవాడు. ఆ వీధి లేకపోతే ఆ త్యాగం ఒక వారం కూడా నిలవదు. ఇంట్లో అన్న జపేశుడు కోపంతో రామ విగ్రహాల్ని కావేరిలో పడేయడం ఈ కథలో దుర్మార్గం. ఒప్పుకుంటాను. కానీ ఇంటికి వచ్చిన ధనాన్ని తమ్ముడు ఒక్కడే కాదనేస్తే, కలిసి బతుకుతున్న మిగతావాళ్లకి ఆ నిర్ణయంలో మాట ఉందా? ఆ ప్రశ్న అడిగే పాత్రని విలన్‌ని చేశాక ఇక ప్రశ్న ఎవరికీ వినిపించదు.

వినిపించేది 'యోగి వేమన'లో. మూడింటిలో నాకు అన్నిటికంటే నిజాయితీగా కనిపించింది ఇదే. పోతనకి, త్యాగయ్యకి మొదటి నుంచీ ఆశ లేదు. ఈ వేమనకి ఉంది. మోహనాంగి కోసం ఇంటి సొమ్ము తగలేస్తాడు. ఆ పాత్రలో ఎం.వి. రాజమ్మ. వదిన నగ దాకా వెళ్తాడు. బంగారం చేసే విద్య కోసం అభిరాముడితో కలిసి పగలూ రాత్రీ మర్చిపోతాడు. ప్రాణంగా చూసుకునే అన్న కూతురు జ్యోతి చనిపోతుంది. ఇక్కడ ఏ దేవుడూ రాడు. పోయిన పిల్ల తిరిగి రాదు. అక్కణ్ణుంచి వేమన అన్నీ విడిచి నడుచుకుంటూ వెళ్లిపోతాడు.

ఇందులో కె.వి. రెడ్డి చేసిన మంచి పని, విడిచిపెట్టడాన్ని చవకగా ఇవ్వకపోవడం. మొదట ఇతను పోగొట్టినవి తనవి కావు, ఇంటివాళ్లవి. కాబట్టి ఆ చివరి వైరాగ్యం ఒక మంచి అలవాటులాగా, జీవనశైలిలాగా కనబడదు, బాకీలాగా కనబడుతుంది. నాగయ్య ముఖం కూడా మారిపోతుంది. పోతనలో ఉన్న ఆ తేలికదనం వేమన ముఖంలోకి రావడానికి దాదాపు సినిమా అంతా పట్టింది. నాకు అనుమానం, ఈ సినిమాని అంతగా మెచ్చుకున్నవాళ్లు కూడా మనసులో పోతననే ఇంటికి తీసుకెళ్లి ఉంటారు. వేమనని తీసుకెళితే, మనం వదిలేస్తున్న వాటిలో మనవి ఎన్ని అని లెక్క చూసుకోవాలి.

ఇక నాగయ్య. తన కాలంలో బాగా సంపాదించిన నటుడు. చేతికి ఎముక లేదన్నట్టు ఇచ్చిన మనిషిగా సినిమా లోకం ఆయన్ని ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1964లో 'రామదాసు' కూడా ఆయనే దర్శకత్వం వహించి తీశారు. ప్రభుత్వపు పన్ను డబ్బుతో భద్రాద్రిలో గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు వెళ్లిన గోపన్న కథ. తనది కానిది ఇచ్చినవాడి కథ అని గమనించండి. 1965లో పద్మశ్రీ వచ్చింది. చివరి ఏళ్లలో చిన్నా చితకా పాత్రలు వేసుకుంటూ, చేతిలో పెద్దగా ఏమీ లేకుండానే 1973 డిసెంబరులో పోయారు. మద్రాసు పానగల్ పార్కులో విగ్రహం పెట్టారు.

దీన్ని మనవాళ్లు రెండు రకాలుగా చెప్తారు. ఒకటి, పోతన వేసి వేసి పోతన అయిపోయాడని. రెండు, లౌక్యం తెలియక చెడిపోయాడని. రెండూ నాకు నచ్చవు. మొదటిది పేదరికానికి పూలదండ వేస్తుంది, రెండోది ఇవ్వడాన్ని జబ్బు చేస్తుంది. నేను అనేది చిన్న విషయం. నాగయ్య దగ్గర్నుంచి పోయిన ప్రతి రూపాయీ ఇంకొకరి చేతికి చేరింది. ఆయన వదిలించుకోలేదు, ఇచ్చాడు. కొండో పద్ధతికీ దీనికీ మధ్య ఉన్న దూరమంతా ఈ రెండు క్రియల మధ్యే ఉంది. మా అత్త అడిగింది కూడా అదే.

శంకర్‌పల్లి రోడ్డు మీద ఈ దూరం ఇంకా బాగా కనిపిస్తుంది. ఇటు వైపు హోర్డింగుల మీద "సింపుల్ లైఫ్" అమ్ముతున్నారు. ఫామ్ ప్లాటు, మట్టి గోడ, ఒక మంచం, ఒక కుండ. వారాంతంలో వచ్చి తక్కువతో బతికి, ఆదివారం రాత్రి ఎక్కువలోకి వెళ్లిపోవచ్చు. దగ్గర్లోనే చిలుకూరు గుడి. హుండీ లేని దేవుడు, వీఐపీ దర్శనం లేని గుడి. మనం మాత్రం వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, అది వచ్చాక నూట ఎనిమిది. అడగని దేవుణ్ణి కూడా అడగడానికే వాడుకుంటాం. నేనూ తిరిగినవాణ్ణే కాబట్టి వెక్కిరించట్లేదు.

అదే చుట్టుపక్కల ఇంకో రకం "తక్కువ" కూడా ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి లాంటి మండలాల్లో 84 ఊళ్ల మీద నిర్మాణాలకు ఆంక్షలు. చెరువులు నిలవాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సిటీ నీళ్ల కోసం తక్కువలో ఉండమని ఆ రైతులకి చెప్పాం, ఆ తక్కువనే అందంగా ఉందని సిటీవాళ్లం కొనుక్కోవడానికి వచ్చాం. శ్రీనాథుడూ పోతనా మళ్లీ పక్కపక్కనే నాగలి పట్టినట్టుంది. ఇప్పుడు కూడా మన కథలకి ఆ తేడా అక్కర్లేకపోతోంది.

ఈ నేల మీదే వేరే ఉదాహరణ లేకపోలేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేని 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానం తర్వాత ఎంత నడిచింది, ఎక్కడ కాగితాల్లో ఆగిపోయింది అనేది వేరే చర్చ, ఆ చర్చ జరగాల్సిందే. కానీ ఆ మొదటి రోజు వాక్యంలో అడిగినవాళ్లున్నారు, ఇచ్చినవాడున్నాడు, ఎంతో లెక్క ఉంది. మన మినిమలిజం పుస్తకాల్లో నాకు దొరకనిది ఈ వాక్యమే.

తక్కువతో బతకడం తప్పని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ముప్పై జతల బట్టలతో నేను నిజంగానే హాయిగా ఉన్నాను. పొద్దున్నే ఏం వేసుకోవాలని ఆలోచించను. కానీ ఆ హాయిని నేను పోతన హాయి అనుకున్నాను చూడండి, అది పొరపాటు. నేను ఏ రాజునీ కాదనలేదు. నాకు బియ్యం వేసే వీధి లేదు, ఆన్‌లైన్ ఆర్డరుంది. మళ్లీ కొనుక్కోగలనన్న ధైర్యంతో పారేశాను. ఆ ధైర్యం బ్యాంకులో ఉంది, కనబడదు కాబట్టి ఇల్లు ఖాళీగా కనిపిస్తోంది.

మూడు సినిమాల్లో ఒక్కటే చూసే ఓపిక ఉంటే 'యోగి వేమన' చూడండి. నిడివి ఎక్కువ, నడక నెమ్మది, కొన్నిచోట్ల నాటకం వాసన కొడుతుంది. జ్యోతి పోయిన తర్వాత నాగయ్య కళ్లని మాత్రం ఫోన్ పక్కన పెట్టకుండా, అంటే అదే ఫోన్‌లో, చూడండి.

గిన్నెల సంగతి చెప్పలేదు. నలభైలో పదకొండు మా అత్త తీసుకెళ్లింది. ఇరవై ఆరు ఆమే రెండు రోజులు తిరిగి, ఎవరి పేరున్నవి వాళ్ల ఇళ్లకీ, పేరు లేనివి అడిగినవాళ్లకీ ఇచ్చింది. రెండు చిల్లులు పడ్డవి పాత సామానుకి పోయాయి. ఒకటి నా దగ్గరుంది. దాని మీద పేరు నాకు తెలియనివాళ్లది. వాళ్లెవరో కనుక్కుని ఇచ్చి రమ్మని అత్త నాకు అప్పగించింది. ఇంకా వెళ్లలేదు.